ప్రవేశపత్రము అధికారపత్రము కాదు

తత్త్వశాస్త్రమునందు పీహెచ్‌డీ చేయగోరి అమెరికా విశ్వవిద్యాలయములకు దరఖాస్తులు పంపిన విద్యార్థికి మార్గశిరము మొదలు చైత్రము వరకు గడచు కాలము ఒక విచిత్రమైన చాతుర్మాస్యము. యతి చేయు చాతుర్మాస్యమునకు ఆరంభమును, సమాప్తియును ముందే తెలిసియుండును. ఈ విద్యార్థికి తెలిసినది ఆరంభము మాత్రమే. డిసెంబరులోనో, జనవరి తొలి పక్షములోనో దరఖాస్తుల గడువు ముగియును. ఫిబ్రవరి నుండి నిర్ణయములు ఒక్కటొక్కటిగా వెలువడును. ఏ విశ్వవిద్యాలయము ఏ దినమున పలుకునో, అసలు పలుకునో లేదో, ఎవరును చెప్పరు. అచటి పగలు ఇచటి రాత్రి గనుక, వరంగల్లులోనో గుంటూరులోనో ఉన్న అభ్యర్థి తెల్లవారుజామున సంధ్యావందనమునకు ముందే ఈ-మెయిలు తెరచి చూచుకొనుచుండును. నాలుగు మాసములు ఈ విధముగా గడచును.

ఈ నిరీక్షణను గూర్చి భక్తసమాజమునందు రెండు మాటలు ప్రచారములో నున్నవి. మొదటిది వైరాగ్యము పేరిట వచ్చు మాట: "విశ్వవిద్యాలయములలో నేర్పునది వట్టి అపరావిద్య. దానికై ఇంత తపించుట అజ్ఞానము. ఆత్మజ్ఞానమునకు పట్టాతో పనియేమి?" రెండవది భక్తి పేరిట వచ్చు మాట: "సీటు వచ్చినచో భగవదనుగ్రహము. రానిచో ఆ విద్యకు నీవు అర్హుడవు కావని ఈశ్వరుడే తేల్చినాడు." పైకి ఈ రెండును పరస్పర విరుద్ధములు. ఒకటి విశ్వవిద్యాలయమును తృణప్రాయముగా చూచును. మరియొకటి దానిని ఈశ్వరుని వాక్కుగా ఎంచును. కాని రెండింటి మూలమునందును ఒకే లోపము కలదు. ప్రవేశనిర్ణయమను వస్తువు ఎట్టిదో, అది దేనిని కొలుచునో, దేనిని కొలువజాలదో విచారింపకయే ఇరువురును తీర్పు చెప్పుచున్నారు. విచారము చేయని వాక్యము ఎంత పవిత్రమైన పదజాలముతో పలికినను ప్రమాణము కానేరదు.

కావున ముందుగా ఆ వస్తువును చూడవలయును. అమెరికాలో తత్త్వశాస్త్ర శాఖకు దరఖాస్తు చేయువాడు తన చదువుల మార్కుల పట్టికలను, ఆచార్యుల నుండి సాధారణముగా మూడు రికమెండేషన్ లెటర్లను, తన ఉద్దేశమును తెలుపు వ్యాసమును, వీటన్నింటికంటె ముఖ్యముగా పదిహేను నుండి ఇరువదియైదు పుటల పరిశోధన వ్యాసమును పంపవలయును. ప్రతి దరఖాస్తుకును రుసుము వేరుగా చెల్లింపవలయును. పది పన్నెండు చోట్లకు పంపువానికి ఆ రుసుములే డాలర్లను రూపాయలుగా మార్చిన పిమ్మట ఒక మధ్యతరగతి గృహమునందు ఒక నెల జీతమును మించును. పేరుగన్న శాఖకు వందల కొలది దరఖాస్తులు వచ్చును. ఆ శాఖ యేటా చేర్చుకొనునది వ్రేళ్లపై లెక్కింపదగినంత మందిని. ఈ స్వల్పసంఖ్యకు కారణము జిజ్ఞాసువుల కొరత కాదు. చేర్చుకొన్న ప్రతి విద్యార్థికిని సుమారు అయిదు సంవత్సరములు ఫీజు లేకుండ చదువు చెప్పి, జీవనమునకు స్టైపెండు ఇయ్యవలయును. ఆ ధనము ఎందరికి చాలునో అన్ని స్థానములే యుండును.

ఆ స్థానములు కూడ కేవలము యోగ్యతా క్రమముననే నిండవు. ఒక సంవత్సరము నీతిశాస్త్రము చదువువారు ఎక్కువగా చేరియున్నచో, మరుసటి సంవత్సరము తర్కమునకో, ప్రాచీన గ్రీకు దర్శనమునకో మొగ్గు చూపుదురు. ఒక ఆచార్యుడు విశ్రాంతి తీసుకొన్నను, సెలవుపై వెళ్లినను ఆయన విషయమును కోరిన అభ్యర్థి మార్గము మూసికొనిపోవును. చదువువారు కొద్దిమంది అధ్యాపకులు. చదువవలసిన పుటలు వేల కొలది. ఉన్న కాలము కొన్ని వారములు. ఇది ఎవరి దుర్మార్గమును కాదు, ఎవరి దివ్యదృష్టియును కాదు. పరిమిత ధనము, పరిమిత కాలము, పరిమిత మానవబుద్ధి కలిసి చేయు ఒక ఏర్పాటు.

ఇప్పుడు రెండవ పక్షమువారి అనుమానమును న్యాయశాస్త్ర రీతిని పరిశీలింపవచ్చును. వారి ప్రతిజ్ఞ: ఈ విద్యార్థి అనధికారి. వారి హేతువు: ప్రవేశము లభింపలేదు గనుక. ఈ హేతువు నిలువవలెనన్నచో, ఎచట అధికారముండునో అచట ప్రవేశము తప్పక యుండునను వ్యాప్తి సిద్ధింపవలయును. నైయాయికులు ఉపాధిని వివరించుటకు చూపు ప్రసిద్ధమైన ఉదాహరణము ఇచట సరిగా సరిపోవును. పర్వతముపై అగ్ని యున్నది గనుక పొగ యున్నదని ఒకడు వాదించిన, ఆ వాదము చెల్లదు. కాల్చిన ఇనుపగుండునందు అగ్ని యుండియు పొగ లేదు. పొగ పుట్టుటకు అగ్ని మాత్రము చాలదు. తడికట్టెల సంయోగము కావలయును. ఆ తడికట్టెయే ఉపాధి. అట్లే ప్రవేశము కలుగుటకు విద్యార్థి యోగ్యత మాత్రము చాలదు. స్టైపెండు గల ఖాళీస్థానము, ఆ విషయము బోధించు ఆచార్యుని లభ్యత, ఆ సంవత్సరపు అవసరము అను తడికట్టెలు కావలయును. పొగ కనబడలేదని అగ్ని లేదనుట ఎట్టి తర్కమో, సీటు రాలేదని అర్హత లేదనుట అట్టి తర్కము.

ఒక శాఖకు ఆరు స్థానములు, మూడు వందల దరఖాస్తులు ఉన్నవనుకొనవచ్చును. ఆ మూడు వందల మందియు వాచస్పతి మిశ్రులే యైనను, ఆరుగురు పోగా 294 మంది వాచస్పతులకు నిరాకరణపత్రములే అందును. ఆ 294 మందిని అనధికారులని ఈశ్వరుడు తేల్చినట్లు చెప్పువాడు ఈశ్వరుని సర్వజ్ఞత్వమును కాక, ఆ శాఖ ఆదాయవ్యయ పట్టికను పూజించుచున్నాడు.

మరియొక దోషము కూడ ఇందున్నది. అభావము ఎట్లు తెలియును అను ప్రశ్నపై మీమాంసకులు, వేదాంతులు, నైయాయికులు శతాబ్దముల పాటు వాదించిరి. ఒక వస్తువు కనబడనంత మాత్రమున అది లేదని చెప్పరాదనియు, ఉన్నచో తప్పక కనబడదగిన పరిస్థితి యుండి, అయినను కనబడనప్పుడే దాని అభావము సిద్ధించుననియు వారి విచారము తేల్చినది. చీకటిగదిలో కుండ కనబడలేదని కుండ లేదనరాదు. దీపము తెచ్చిన పిమ్మటనే ఆ మాట చెల్లును. ఇరువది పుటల వ్యాసము ఒకని వాదనాపటిమను కొంత చూపగలదు. భాషాపాటవమును చూపగలదు. కాని వివేకము, వైరాగ్యము, శమదమాది షట్క సంపత్తి, ముముక్షుత్వము అను సాధనచతుష్టయము ఆ దీపమునకు కనబడునది కాదు. తాము వీటిని కొలుచుచున్నామని ఏ ఎంపిక సంఘమును ఎన్నడును చెప్పుకొనలేదు. వారు చెప్పని మాటను వారి నోట పెట్టి, ఆపై దానిని ఈశ్వరవాక్యముగా మార్చునది మనవారి ఉపదేశ పాండిత్యమే.

భక్తి పేరిట పలుకువారు వెంటనే గీతను ముందుకు తెత్తురు. ఫలము నీ చేతిలో లేదు, కర్మ మాత్రమే నీది, కావున ఏమియు ప్రశ్నింపక ఊరకుండుమని బోధింతురు. గీతోపదేశము నిష్కామత్వమును చెప్పినది సత్యము. కాని పదునెనిమిదవ అధ్యాయమునందు కర్మసిద్ధికి అయిదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధ చేష్టలు, అయిదవదిగా దైవము. భగవంతుడు దైవమును అయిదవ స్థానమున నిలుపగా, ఈ ఉపదేశకులు దానిని మొదటి స్థానమునకు తెచ్చి మిగిలిన నాలుగింటిని చెరిపివేయుచున్నారు. దరఖాస్తు విషయమున అధిష్ఠానమనగా ఎంచుకొన్న శాఖ. అది తన విషయమునకు తగినదేనా యని చూడవలయును. కర్త యనగా విద్యార్థి; అతని సిద్ధత యెంతయో చూడవలయును. కరణములనగా వ్యాసము, లేఖలు. అవి పదునుగా నున్నవా యని చూడవలయును. చేష్ట యనగా చేసిన పరిశ్రమ. ఈ నాలుగింటిని పరిశీలించిన పిమ్మట మిగిలిన శేషమును దైవమునకు అప్పగించుట భక్తి. పరిశీలింపకయే మొత్తమును దైవముపై వేయుట ఆలస్యము, అనగా సోమరితనము. దానికి గీత పెట్టిన పేరు తమస్సు.

ఇచట భక్తిని తక్కువ చేయు ఉద్దేశము లేదు. హైదరాబాదు సమీపమున చిలుకూరు బాలాజీకి 'వీసా బాలాజీ' యని లోకమున పేరు వచ్చినది. కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు, అది తీరిన పిమ్మట 108 ప్రదక్షిణలు చేయుట అచటి ఆచారము. విదేశవిద్య కోరు యువకులు అచటికి పోవుటను కొందరు వేదాంతులు ఎగతాళి చేయుదురు. ఆ ఎగతాళి శాస్త్రసమ్మతము కాదు. ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అను నలుగురిని గీత భక్తులుగానే గణించినది. తత్త్వశాస్త్రము చదువుటకై ప్రదక్షిణము చేయువాడు జిజ్ఞాసువును, అర్థార్థియు ఒక్కసారిగా అగుచున్నాడు. అతని తప్పేమియు లేదు. తప్పు తరువాత వచ్చును: కోరిక తీరనప్పుడు స్వామి తనను త్రోసివేసినాడని తలచుటయందు, ఆ తలపును పెద్దలు బలపరచుటయందు. అడుగుట భక్తి. అడిగినది అందనప్పుడు భగవంతుని ద్వేషబుద్ధి గలవానిగా ఊహించుట అపచారము.

ఇక వైరాగ్యము పేరిట పలుకు మొదటి పక్షము. వారికి ప్రియమైన కథ విద్యారణ్యస్వామి జీవన్ముక్తివివేకమునందు శాస్త్రవాసనను ఖండించుచు చెప్పిన దుర్వాసుని వృత్తాంతము. గ్రంథముల మోపుతో శివుని సభకు వచ్చిన దుర్వాసుని నారదుడు బరువు మోయు గాడిదతో పోల్చగా, ఆ మహర్షి తన గ్రంథములను సముద్రమున పారవైచెను. ఈ కథను చెప్పి, పీహెచ్‌డీ కోరు విద్యార్థిని ఆ గాడిదతో సమానము చేయుదురు. కాని కథ చెప్పినవారు ఎవరో మరచుచున్నారు. విద్యారణ్యులు స్వయముగా గ్రంథకర్త. పంచదశివంటి ప్రకరణమును రచించినవారు. మోయుట వేరు, జీర్ణించుకొనుట వేరు అని ఆ కథ చెప్పుచున్నది గాని, చదువరాదని చెప్పుటలేదు. దుర్వాసుడు పారవైచుటకైనను ముందు చదివియుండెను. చదువక పారవైచువానిది త్యాగము కాదు. వానివద్ద త్యజించుటకు ఏమియు లేదు.

అపరావిద్య యను మాటను కూడ ఇట్లే దుర్వినియోగము చేయుచున్నారు. ముండకోపనిషత్తునందు శౌనకుడు అంగిరసుని సమీపించి ప్రశ్నించినప్పుడు, పర, అపర అను రెండు విద్యలును తెలియదగినవేయని సమాధానము లభించెను. శౌనకుడు మహాగృహస్థుడు, అడవికి పోయిన విరాగి కాడు. అపరను తెలిసికొననక్కరలేదని ఆ ఋషి చెప్పలేదు. అపరతోనే నిలిచిపోరాదని మాత్రమే తాత్పర్యము. అద్వైత సంప్రదాయమునందు శ్రవణమునకు పిమ్మట మననము విధింపబడినది. మననమనగా యుక్తులచే సంశయమును తొలగించుకొనుట. యుక్తి పదునెక్కుటకు పూర్వపక్షి కావలయును. స్వపక్షమువారి మధ్యనే కూర్చుండి తలలూపుకొను సభలో మననము జరుగదు. హ్యూము, కాంటు వంటి వారి ప్రశ్నలను ఎదుర్కొన్న వేదాంతి సంప్రదాయద్రోహి కాడు. బౌద్ధుల ప్రశ్నలను ఎదుర్కొన్న పూర్వాచార్యుల మార్గమునే నడచుచున్నాడు.

ఈ మార్గమునకు సాక్ష్యము ఆధునిక కాలమునందును కలదు. బిమల్ కృష్ణ మతిలాల్ కలకత్తా సంస్కృత కళాశాలలో పండితుల వద్ద న్యాయమును అభ్యసించి, తర్కతీర్థుడై, పిదప హార్వర్డులో పీహెచ్‌డీ చేసెను. నవ్యన్యాయమునందలి అభావ విచారముపై ఆయన రచించిన గ్రంథము 1968లో హార్వర్డు ప్రాచ్యగ్రంథమాలలో వెలువడెను. పిమ్మట ఆయన ఆక్స్‌ఫర్డులో, పూర్వము సర్వేపల్లి రాధాకృష్ణన్ అధిష్ఠించిన స్పాల్డింగ్ ఆచార్యపీఠమునందు నిలిచెను. మరియొకవైపు గుంటూరు ప్రాంతమునకు చెందిన కొత్త సచ్చిదానందమూర్తి ఆంధ్ర విశ్వవిద్యాలయమునందే చదివి, అచటనే బోధించి, అద్వైతమునందు శ్రుతియుక్తుల సంబంధమును విచారించిన గ్రంథమును 1959లో ప్రకటించెను. ఒకరు విదేశమున పట్టా పొందిరి, మరొకరు స్వదేశమున. విద్య ఇరువురియందును వెలిగెను. ప్రవేశద్వారము ఎచటనున్నదను ప్రశ్న జిజ్ఞాసకు లోబడినదే గాని, జిజ్ఞాస ఆ ద్వారమునకు లోబడినది కాదు.

ఇంతవరకు విద్యార్థిని నిందించువారికి సమాధానము. ఇక విద్యాలయములకును చెప్పవలసినది కలదు. ఉపనిషత్తులలో నిరీక్షణ లేకపోలేదు, పుష్కలముగా ఉన్నది. ప్రశ్నోపనిషత్తునందు ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాదుని సమీపింపగా, ఒక సంవత్సరము తపస్సుతో, బ్రహ్మచర్యముతో, శ్రద్ధతో నివసింపుడని, పిమ్మట అడుగుడని, తనకు తెలిసినచో సర్వమును చెప్పెదనని ఆయన పలికెను. ఛాందోగ్యమునందు ఇంద్రుడు ప్రజాపతి వద్ద మూడు పర్యాయములు ముప్పది రెండేసి సంవత్సరములు, చివర అయిదు సంవత్సరములు, మొత్తము 101 సంవత్సరములు నివసించెను. కాని ఆ నిరీక్షణకు మూడు లక్షణములు కలవు. గడువు ముందే చెప్పబడినది. నిరీక్షించువాడు గురువు కన్నుల ఎదుటనే యుండెను. నిరీక్షణయే విద్యలో భాగమయ్యెను. ఇంద్రుడు ప్రతిసారియు తన సంశయమును చెప్పుకొనెను. ప్రజాపతి ఆ సంశయము యుక్తమైనదని ఒప్పుకొని మరల బోధించెను.

అన్నిటికంటె కఠోపనిషత్తు కథ ఈ విషయమున సూటియైనది. యముని గృహద్వారమున నచికేతుడు మూడు రాత్రులు నిరాహారుడై వేచియుండెను. తిరిగి వచ్చిన యముడు, ఆ నిరీక్షణను పరీక్ష యని పొగడలేదు. అది నీ కర్మ యని చెప్పలేదు. అతిథిని వేచియుండజేసిన దోషము తనదని గ్రహించి, నమస్కరించి, రాత్రికి ఒక్కటి చొప్పున మూడు వరములిచ్చెను. మృత్యుదేవతకే తెలిసిన ఆ మర్యాద, రుసుము పుచ్చుకొని నాలుగు మాసములు మౌనము వహించు శాఖలకు ఎందుకు తెలియరాదు? అనేక శాఖలు తగిన సమయమున పత్రము పంపుచున్నవి. వాటికి ఈ నింద వర్తింపదు. కాని కొన్ని చోట్ల ఒకే దినమున కొందరికి ఆహ్వానము పోవును. మిగిలినవారికి వారముల పాటు అవుననియు, కాదనియు చెప్పరు. అమెరికాలోని పెక్కు విశ్వవిద్యాలయములు ఆర్థికసహాయముతో కూడిన ఆహ్వానమునకు సమాధానమిచ్చు గడువును ఏప్రిల్ 15గా అంగీకరించినవి. వెయిటింగ్ లిస్టులో నున్నవాని భాగ్యము తరచుగా ఆ చివరి దినముననే తేలును. ఆ ఏర్పాటు విద్యార్థికి ఆలోచించుకొను స్వేచ్ఛనిచ్చునది, మంచిదే. దానిని సాకుగా చేసికొని, ఎప్పుడో నిరాకరించిన వానిని కూడ అప్పటివరకు చీకటిలో నుంచుట మంచిది కాదు. ధర్మశాస్త్రము మాట అటుంచి, సామాన్య గృహస్థధర్మమైనను దానిని ఒప్పదు.

పారదర్శకత ఆధునికుల కల్పన యని ఎవరైనను అనుకొనవచ్చును. అమరావతి సమీపమునందలి మల్కాపురము శాసనము వేరుగా చెప్పుచున్నది. రుద్రమదేవి కాలమునందు, 1261లో, గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వరశంభువు నెలకొల్పిన విద్యాసంస్థ వివరములు ఆ శిలపై నున్నవి. మూడు వేదములు బోధించు ముగ్గురు, పద వాక్య ప్రమాణ సాహిత్య ఆగమములు బోధించు అయిదుగురు ఆచార్యులకు ఏర్పాటు చేసినట్లు లెక్కతో సహా చెక్కించిరి. ఎందరిని పోషించునో రాతిపై చెక్కి లోకమునకు తెలిపిన దాతలు ఈ తెలుగునేలపై నుండిరి. ఈ సంవత్సరము ఎన్ని స్థానములున్నవి, ఏ విషయమునందు చేర్చుకొనదలచుట లేదు అను రెండు వాక్యములను రుసుము పుచ్చుకొనుటకు ముందు ప్రకటించుట నేటి శాఖలకు అసాధ్యమేమియు కాదు. ఆ రెండు వాక్యములు ఎన్నో గృహములలో వ్యర్థవ్యయమును, అంతకుమించి వ్యర్థాశను నివారించును.

భారతీయ దర్శనములు చదువగోరువానికి ఇది మరింత ముఖ్యము. అమెరికాలో న్యాయ, వేదాంతముల అధ్యయనము ఎక్కువగా మతాధ్యయన శాఖలలోను, దక్షిణాసియా అధ్యయన శాఖలలోను జరుగుచున్నది. తత్త్వశాస్త్ర శాఖలలో వాటిని బోధించువారు అరుదు. 2016లో జే గార్ఫీల్డ్, బ్రయన్ వాన్ నార్డెన్ అను ఇరువురు ఆచార్యులు న్యూయార్క్ టైమ్స్ పత్రికలో దీనిని బహిరంగముగా ప్రశ్నించిరి; ఇతర సంప్రదాయములను బోధింపని శాఖలు తమ పేరును ఐరోపా, అమెరికా తత్త్వశాస్త్ర శాఖ యని మార్చుకొనుట నిజాయితీ యనిరి. ఈ స్థితి తెలియక, గంగేశునిపై వ్యాసము వ్రాసి, గంగేశుని పేరైనను ఎరుగని సంఘమునకు పంపినవాడు నిరాకరింపబడినచో, అది గంగేశుని ఓటమియు కాదు, ఆ విద్యార్థి ఓటమియు కాదు. చీకటిగదిలో కుండ ఉదాహరణమే అది.

స్వదేశమున ఈ బాధ లేదనుకొనువారు 2024వ సంవత్సరమును స్మరింపవలయును. నెట్ మార్కులను పీహెచ్‌డీ ప్రవేశమునకును ఆధారముగా గైకొను విధానమును యూజీసీ ఆ సంవత్సరమే తెచ్చినది. ఆ పరీక్ష జూన్ 18న జరిగెను. తొమ్మిది లక్షలకు పైగా అభ్యర్థులు వ్రాసిరి. మరునాడే అది రద్దయ్యెను. ఆగస్టు, సెప్టెంబరు మాసములలో మరల నిర్వహించిరి. ఫలితములు అక్టోబరులో వెలువడెను. వారిలో దర్శనశాస్త్ర విద్యార్థులును కలరు. ప్రవేశనిర్ణయమును ఈశ్వరుని తీర్పుగా చెప్పువారిని ఒక్క ప్రశ్న అడుగవచ్చును: జూన్ 18 సాయంకాలమున ఉండిన అర్హత జూన్ 19 రాత్రికి ఎవరి సంకల్పముచే రద్దయ్యెను? పరిపాలనా లోపమునకు ప్రారబ్ధమని పేరు పెట్టిన దినమున కర్మసిద్ధాంతము అధికారుల సేవకురాలగును.

ఒక ఆక్షేపము మిగిలియున్నది, అది బలమైనది. జిజ్ఞాస పట్టాకు అధీనము కానిచో, ఇంత వ్యయమునకు, ఇంత వ్యథకు ఓర్చి దరఖాస్తు చేయుట ఎందుకు? గ్రంథము ఇంటనే చదువవచ్చును గదా? సమాధానము సులభము. పూర్వము గురుకులవాసి భిక్షాటనము చేసెను. రాజులు, శ్రేష్ఠులు అగ్రహారములు, మఠములు నెలకొల్పిరి. అన్నము లేక విద్య నిలువదని ఎరిగియే ఆ ఏర్పాట్లు చేసిరి. తైత్తిరీయమునందు భృగువు కూడ అన్నము నుండియే విచారమును ఆరంభించెను. అయిదు సంవత్సరముల స్టైపెండు నేటి భిక్ష. గ్రంథాలయము, సహాధ్యాయులు, నిర్దయగా ప్రశ్నించు ఆచార్యుడు, ఇతర చింత లేని కాలము: వీటిని కోరుట లోభము కాదు. ఒక ఇంట భిక్ష లభింపనిచో బ్రహ్మచారి మరియొక ఇంటికి పోయెనే గాని, తాను బ్రహ్మచారి కానని తలచలేదు. ఆ గృహిణి 'లేదు' అన్న మాటను బ్రహ్మ తీర్పుగా ఎంచలేదు.

ఈ భిక్షాదృష్టి విద్యార్థికి ఒక నియమమును కూడ విధించును. సత్యకాముడు హారిద్రుమత గౌతముని వద్దకు పోయినప్పుడు గోత్రమేమని గురువు ప్రశ్నించెను. తెలియదని, తల్లి తనకు చెప్పిన మాటను ఉన్నదున్నట్లు పలికెను. ఆ సత్యమే అతనికి ప్రవేశమయ్యెను. నేటి ఉద్దేశ వ్యాసములలో లేని పాండిత్యమును ఉన్నట్లు, చదువని గ్రంథమును చదివినట్లు, ఇతరులచే వ్రాయించిన వాక్యమును తనదైనట్లు చూపుమని ప్రోత్సహించు సలహాదారులు మన నగరములలో కొదువ లేరు. వేదాంతము చదువుటకై అసత్యముతో ద్వారము తట్టువాడు, ద్వారము తెరచుకొన్నను లోపలికి పోలేడు. నిరాకరణ వలన అధికారము నశింపదు. అసత్యము వలన నశించును. ఈ భేదమును గుర్తెరుగుట నిజమైన ఆత్మపరీక్ష.

ఇక పెద్దల కర్తవ్యము. ఫిబ్రవరి మాసమున ఇంట ఒక యువతియో, యువకుడో మౌనముగా తిరుగుచున్నప్పుడు, "ఏమైంది, వచ్చిందా?" యని పూటపూటకు అడుగుట సహాయము కాదు. వైరాగ్య బోధ కూడ సహాయము కాదు. వైరాగ్యము తనకు ఉపదేశించుకొనదగినది గాని, దుఃఖించువానిపై విసరదగినది కాదు. కురుక్షేత్రమున భగవంతుడు అర్జునుని దుఃఖమును ముందు పూర్తిగా విని, ఆపై పలికెను. ఈ మాసములలో చేయదగినది, ఇంట నున్న పెద్దలు ఆ విద్యార్థితో కలిసి ఒక గ్రంథమును చదువుట. దరఖాస్తు పంపిన దినము నుండి గ్రంథము మూసివేసి ఈ-మెయిలు మాత్రమే తెరచువాడు నాలుగు మాసముల ఆయుర్దాయమును ఎవరికో దానము చేయుచున్నాడు. పిప్పలాదుని శిష్యుల సంవత్సరము వ్యర్థము కాకుండుటకు కారణము, వారు ఆ సంవత్సరమును తపస్సుగా గడపుటయే.

ఏప్రిల్ గడచును. కొందరికి ఆహ్వానము అందును, అది ధనసహాయమును, కాలమును, సహవాసమును ఇచ్చును, జ్ఞానమును ఇయ్యదు. పెక్కుమందికి నిరాకరణము అందును, అది ఆ మూడింటిని ఆ సంవత్సరమునకు నిలుపుచేయును, జిజ్ఞాసను నిలుపుచేయజాలదు. ఈ రెంటిని మించిన అర్థమును ఆ పత్రములయందు చదువువారు, అచట వ్రాయబడని దానిని చదువుచున్నారు. ప్రశ్న అడుగు అధికారమును ఏ విశ్వవిద్యాలయమును ప్రసాదింపలేదు. కావున ఏ విశ్వవిద్యాలయమును దానిని వెనుకకు తీసికొనజాలదు.